ఛాయాచిత్రాల దిద్దుబాటులో రంగుగుర్తులు

కొద్దిపాటి సొత్తు గలవానికి పద్దుల పుస్తకంతో పని లేదు. సొత్తు పెరిగిన కొద్దీ దానిని కాపాడుకొనడానికి ఒక పద్ధతి కావలసి వస్తుంది. ఛాయాచిత్రాల విషయంలో నేడు మనకు జరిగినది ఇదే. ఫిల్ము వాడిన రోజులలో ఒక చుట్టకు 36 చిత్రాలు వచ్చేవి. వార్షికోత్సవానికి రెండు చుట్టలు ఖర్చు చేస్తే అది దుబారా అనిపించేది. నేడు డిజిటల్ కెమెరా చేతబట్టిన విద్యార్థి ఒక్క సాయంత్రంలో 600 చిత్రాలు తీసి, మెమరీ కార్డులో ఇంకా చోటు మిగిలినదని సంతోషిస్తున్నాడు. చిత్రం తీయడం సులభమైనది. తీసిన వాటిలో ఏది దిద్దవలసినది, ఏది దిద్దినది, ఏది అచ్చుకు సిద్ధమైనది అని తెలుసుకొనడమే కష్టమైనది.

ఈ కష్టం తీర్చడానికి ఛాయాచిత్రాల సాఫ్ట్‌వేరులలో రంగుగుర్తులు అనే సాధనం ఉన్నది. 2007లో అడోబీ సంస్థ వెలువరించిన లైట్‌రూమ్‌లోను, అదే సంస్థవారి బ్రిడ్జ్‌లోను, ఉచితంగా లభించే డార్క్‌టేబుల్, డిజికామ్‌లలోను ఈ సౌకర్యం కలదు. చిత్రాన్ని ఎంచి ఒక మీట నొక్కితే దాని చుట్టూనో, క్రిందనో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా వంటి రంగు ఒకటి కనిపిస్తుంది. చిత్రంలోని రంగులకు దానివల్ల ఏ మార్పూ కలుగదు. అది కేవలం సంచికి కట్టిన చీటీ వంటిది.

దీనిని వాడడం ఒక నిమిషంలో నేర్చుకొనవచ్చును. నలుగురు కలిసి వాడడం మాత్రం నియమం లేనిదే సాధ్యం కాదు. ఈ సంగతి నాకు పుస్తకం చదివినందువల్ల గాక, ఒక నష్టం జరిగినందువల్ల తెలిసినది. ఆ సంగతి మొదట మనవి చేస్తాను.

ఒక ఎరుపు గుర్తు చేసిన పని

కొంతకాలం క్రిందట మా విద్యార్థులు మన ప్రాంతపు చిత్రాలను సేకరించడానికి మూడు జట్లుగా బయలుదేరినారు. తెనాలి జట్టు, 1942 ఆగస్టు 12న పోలీసు కాల్పులకు బలియైన ఏడుగురి స్మారకంగా నిలిచిన రణరంగచౌక్‌ను చిత్రించినది. బాపట్ల జట్టు భావనారాయణస్వామి ఆలయాన్ని, సూర్యలంక తీరాన్ని చిత్రించినది. రేపల్లె జట్టు నిజాంపట్నం రేవుకు వెళ్ళినది. అక్కడ ఒక వృద్ధ మత్స్యకారుడు నీడన కూర్చుండి వల బాగుచేసుకుంటున్నాడు. విద్యార్థులు అనుమతి అడిగి ఆయన చిత్రం తీసినారు. "నాకూ ఒకటి తెచ్చిపెట్టండి బాబూ" అని ఆయన కోరినాడు. "తప్పకుండా తెస్తాం తాతా" అని వీరు మాట ఇచ్చినారు.

ఆ చిత్రం ఎంతో చక్కగా వచ్చినది. రేపల్లె జట్టువారు దానికి ఎరుపు గుర్తు పెట్టినారు. వారి ఉద్దేశంలో ఎరుపు అంటే తప్పక వేయవలసినది. కంప్యూటరు ముందు కూర్చున్న తెనాలి జట్టువారి ఉద్దేశంలో ఎరుపు అంటే తీసివేయవలసినది. వారు ఎరుపు గుర్తున్న చిత్రాలన్నిటినీ ఒక్కసారిగా వడగట్టి తొలగించినారు. మెమరీ కార్డును అప్పటికే తుడిచి వేరొక కార్యక్రమానికి వాడి ఉన్నారు. రెండవ ప్రతి లేదు.

మరుసటి సంవత్సరం మళ్ళీ నిజాంపట్నం వెళ్ళినప్పుడు ఆ వృద్ధుడు కాలం చేసినాడని తెలిసినది. ఇంటివారు, "ఆ రోజు తీసిన ఫోటో ఉన్నదా?" అని అడిగినారు. వారి వద్ద మిగిలినది గుర్తింపు కార్డు మీది చిన్న బొమ్మ ఒక్కటే. మా విద్యార్థులు తలలు వంచుకొని తిరిగి వచ్చినారు. నిజానికి తల వంచుకొనవలసినవాడిని నేను. ఎరుపుకు అర్థమేమిటో పనికి ముందే నిర్ణయించి చెప్పవలసిన బాధ్యత నాది. నేను చెప్పలేదు.

రంగుకు సొంత అర్థం లేదు

ఎరుపు అనగానే ప్రమాదం స్ఫురిస్తుందని కొందరంటారు. తెనాలి జంక్షనులో సిగ్నలు కోసం చూసే డ్రైవరుకు ఆ మాట నిజమే. కాని పెళ్ళిపందిట్లో కుంకుమ ఎరుపు శుభానికి గుర్తు. జవాబు పత్రాలు దిద్దే అధ్యాపకునికి ఎరుపు సిరా దినదినం వాడే పనిముట్టు. పెద్ద ప్రమాదాలు జరిగినప్పుడు క్షతగాత్రులకు రంగు చీటీలు కట్టే వైద్యులకు ఎరుపు అంటే అందరికంటె ముందుగా చికిత్స చేయవలసిన ప్రాణం. రంగు ఒక్కటే, అర్థాలు నాలుగు. రంగు తనంతట తాను ఏమీ చెప్పదు. చూచేవారి మధ్య ఉన్న ఒప్పందమే దానిచేత మాట్లాడిస్తుంది.

మన ప్రాంతపు రైతులకు ఈ విషయం చిరపరిచితం. పురుగుమందు డబ్బా మీద రంగు గుర్తు ఉంటుంది. భారతదేశంలో 1971 నాటి నియమావళి ప్రకారం అత్యంత విషపూరితమైన దానికి ఎరుపు, తరువాత వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ గుర్తు ఉన్నది కదా అని ఆ మందును నిర్లక్ష్యంగా వాడరాదు. అది కూడ విషమే. మిగిలిన వాటికంటె తీవ్రత తక్కువ, అంతే. అదే ఆకుపచ్చ చుక్క తినుబండారాల పొట్లం మీద ఉన్నప్పుడు లోపలిది శాకాహారమని అర్థం.

విత్తనాల సంచులకు కట్టే చీటీలు మన విషయానికి మరింత దగ్గరగా ఉన్నవి. 1945లో వ్యవసాయ కళాశాల వెలసిన బాపట్లలోనే రూపొంది, 1986లో విడుదలైన సాంబమసూరి వరికి బి.పి.టి. 5204 అని ఆ ఊరి పేరే స్థిరపడినది. అటువంటి వంగడం రైతు చేతికి వచ్చేలోపల కొన్ని మెట్లు దిగి రావలసి ఉంటుంది. బ్రీడర్ విత్తనానికి బంగారు పసుపు చీటీ, దాని నుండి పండించిన ఫౌండేషన్ విత్తనానికి తెలుపు చీటీ, దాని నుండి పండించిన ధ్రువీకృత విత్తనానికి నీలం చీటీ కడతారు. ఇక్కడ రంగు విత్తనం మంచిదా చెడ్డదా అని చెప్పదు. అది ఏ దశలో ఉన్నదో చెబుతుంది. ఛాయాచిత్రాల పనిలో రంగుగుర్తును వాడవలసినది సరిగా ఈ విధంగానే.

నక్షత్రం, జెండా, రంగు

సాఫ్ట్‌వేరులలో గుర్తులు సాధారణంగా మూడు రకాలు. ఒకటి నుండి అయిదు వరకు ఇచ్చే నక్షత్రాలు మొదటి రకం. ఎంచినది, త్రోసివేసినది అని చెప్పే జెండాలు రెండవ రకం. రంగులు మూడవ రకం. మూడింటినీ ఒకే పనికి వాడడమే మనం చేసే పొరపాటు.

నక్షత్రం చిత్రం యొక్క విలువను చెప్పవలెను. జెండా ఉంచాలా, వద్దా అనే తీర్పును చెప్పవలెను. రంగు పని ఎంతవరకు వచ్చినదో చెప్పవలెను. చిత్రం విలువ ఒకసారి నిర్ణయమైతే తరచుగా మారదు. దాని దశ మాత్రం పూటపూటకు మారుతుంది. అయిదు నక్షత్రాల చిత్రం దిద్దకుండా పడి ఉండవచ్చును. రెండు నక్షత్రాల చిత్రం దిద్దుబాటు ముగించుకొని ప్రెస్సుకు చేరి ఉండవచ్చును. బాగున్నదని ఒకరు, పూర్తియైనదని మరొకరు ఆకుపచ్చ పెడుతూ పోతే కొన్నాళ్ళకు ఆ ఆకుపచ్చను నమ్మేవారు ఉండరు.

మేము ఏర్పరచుకొన్న అయిదు రంగులు

నష్టం జరిగిన తరువాత విద్యార్థులతో కూర్చుండి ఒక నియమం వ్రాసుకొన్నాము. అది ఇది:

రంగు లేనిది: ఇంకా ఎవరూ పరిశీలించనిది, లేదా పరిశీలించి ప్రస్తుతానికి ప్రక్కన ఉంచినది.

పసుపు: ఏరినది, దిద్దుబాటు చేయవలసినది.

నీలం: దిద్దుబాటు ముగిసినది; అందులోని వ్యక్తుల పేర్లు, తేదీ, స్థలం సరిచూడవలసినది.

ఆకుపచ్చ: అన్నీ సరిచూచినది, అచ్చుకు సిద్ధం.

ఊదా: అచ్చయినది, ఇస్తామని మాట ఇచ్చినవారికి ప్రతి అందినది.

ఎరుపు: ఆపవలెను. అనుమతి లేదు, లేదా ఎవరో అభ్యంతరం తెలిపినారు.

ఇందులో రెండు సంగతులు ముఖ్యంగా గమనించవలసినవి. మొదటిది, తొలగించడానికి ఇక్కడ ఏ రంగూ లేదు. పనికిరాని చిత్రానికి త్రోసివేత జెండా పెడతాము. దానిని నిజంగా తుడిచివేయడం సంచిక వెలువడిన తరువాత, ఒక్కరి చేతి మీదుగా మాత్రమే జరుగుతుంది. తిరిగి రాని పనిని ఒక మీటకు, ఒక రంగుకు అప్పగించరాదు.

రెండవది ఎరుపు. సభలో కూర్చున్న విద్యార్థినులలో కొందరికి తమ చిత్రం సంచికలో రావడం ఇష్టం ఉండదు. కొందరు తల్లిదండ్రులకు ఇష్టం ఉండదు. వారు కారణం చెప్పవలసిన అవసరం లేదు. చిత్రం ఎంత అందంగా ఉన్నా, ఎన్ని నక్షత్రాలు పొందినా, ఎరుపు ఉన్నంతకాలం అది ముందుకు సాగదు. ఎరుపు తీసే అధికారం బాధ్యుడైన అధ్యాపకునిది. అదీ ఆ వ్యక్తిని అడిగిన తరువాతనే.

పని నడిచే తీరు

వార్షికోత్సవం నాడు 600 చిత్రాలు తీసినామనుకొందాం. ముందుగా వాటిని తేదీ, సందర్భం పేరుతో ఒక ఫోల్డరులోనికి, మరొక డిస్కులోనికి ప్రతి చేయవలెను. రెండు ప్రతులూ తెరచి చూచుకొన్న తరువాతనే మెమరీ కార్డును తుడవవలెను. తరువాత మొదటి పరిశీలన. ఒక్కొక్క చిత్రానికి మూడు సెకండ్లు పట్టినా 600 చిత్రాలకు 30 నిమిషాలు. కన్నులు మూసుకొన్నవి, కదిలిపోయినవి త్రోసివేత జెండా పొందుతాయి. ఏరినవాటికి పసుపు. ఇవి 120 అనుకొందాం.

ఇకమీదట దిద్దేవాడు 600 చిత్రాలను మళ్ళీ చూడడు. పసుపును మాత్రమే చూపమని వడపోత పెడతాడు. 120 చిత్రాలు ఎదుట నిలుస్తాయి. వెలుతురు సరిచేసి, వంకర తీర్చి, అంచులు కత్తిరించి, ముగిసినదానికి నీలం పెడతాడు. పెట్టిన మరుక్షణం ఆ చిత్రం పసుపు జాబితా నుండి మాయమౌతుంది. సాయంత్రానికి 45 మిగిలితే 45 చిత్రాల పని మిగిలినదని అర్థం. మరునాడు ఇంకొకరు వచ్చి కూర్చున్నా, "ఎక్కడిదాకా వచ్చినది?" అని ఎవరినీ అడుగనక్కరలేదు. ప్రతి దశలోను మొదటినుంచి చూచుకొంటూ పోతే అయిదు దశలకు రెండున్నర గంటలు కేవలం వెతుకులాటకే చెల్లిపోయేవి.

పేర్లు సరిచూచేవాడు నీలం చిత్రాలను మాత్రమే తెరుస్తాడు. వేదిక మీద ఎడమనుండి కుడికి ఎవరెవరున్నారో విచారించి వ్రాసి, ఆకుపచ్చ పెడతాడు. ప్రెస్సుకు వెళ్ళవలసినవి ఆకుపచ్చవి మాత్రమే.

లైట్‌రూమ్‌లో 6 అంకె ఎరుపుకు, 7 పసుపుకు, 8 ఆకుపచ్చకు, 9 నీలానికి మీటలు. ఊదాకు మీట లేదు, పట్టికలోనుండి ఎంచుకొనవలెను. చివరి దశ గనుక ఈ ఆలస్యం మేలే చేస్తుంది. డార్క్‌టేబుల్‌లో ఎఫ్1 నుండి ఎఫ్5 వరకు ఉన్న మీటలు వరుసగా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదాలకు పనిచేస్తాయి. వీటి మధ్య మరొక భేదం ఉన్నది. డార్క్‌టేబుల్‌లో ఒకే చిత్రానికి రెండు మూడు రంగులు పెట్టవచ్చును. లైట్‌రూమ్‌లో ఒక్కటే నిలుస్తుంది. ఎరుపు పెట్టితే అంతకుముందున్న నీలం పోతుంది. కావున ఎరుపు తొలగిన చిత్రం తిరిగి పసుపు నుండి నడవవలెనని నియమం చేసుకొన్నాము. ఒక నిమిషం ఎక్కువ పట్టినా పొరపాటుకు తావుండదు.

గుర్తు ఎక్కడ నిలుస్తుంది?

తెర మీద కనిపించేది రంగే గాని, అడోబీ సాఫ్ట్‌వేరులలో చిత్రంతోపాటు భద్రమయ్యేది ఒక మాట. ఫలానా మాటకు ఫలానా రంగు అని ఆ కంప్యూటరులో ఒక పట్టిక ఉంటుంది. ఆ మాటలను మనకు కావలసినట్లు మార్చుకొనవచ్చును. ఇక్కడ మాకు ఒక చిక్కు ఎదురైనది. ఒక కంప్యూటరులో విద్యార్థులు గుర్తులకు తెలుగులో పేర్లు పెట్టినారు. మరొక దానిలో ఉర్దూలో పెట్టినారు. మొదటి దానిలో పసుపుగా ఉన్న చిత్రాలు రెండవ దానిలో తెల్ల గుర్తుతో కనిపించినవి. గుర్తు పోలేదు, దాని మాట ఆ పట్టికలో లేదు. అన్ని కంప్యూటరులలోను ఒకే మాటలు ఉంచి, రెండు భాషలలోను అర్థాలు వ్రాసిన చార్టును గోడకు అంటించడంతో ఆ చిక్కు తీరినది.

లైట్‌రూమ్‌లో గుర్తులు మొదట దాని జాబితాలోనే ఉంటాయి. కంట్రోల్, ఎస్ మీటలు కలిపి నొక్కినప్పుడో, స్వయంగా వ్రాయవలెనని ముందే ఆదేశించినప్పుడో అవి చిత్రం వెంట చేరుతాయి. జెపెగ్ చిత్రమైతే ఆ ఫైలులోనే చేరుతాయి. కెమెరా సంస్థల సొంత రా ఫైలులైతే ప్రక్కన ఎక్స్.ఎం.పి. అనే చిన్న ఫైలులో నిలుస్తాయి. చిత్రాన్ని వేరొక చోటికి మార్చేటప్పుడు ఈ చిన్న ఫైలును మరచిపోతే గుర్తులు వెనుకనే ఉండిపోతాయి. ఒక సాఫ్ట్‌వేరులో పెట్టిన రంగు మరొక దానిలో అట్లే కనిపిస్తుందని కూడ నమ్మరాదు. వాట్సాప్ ద్వారా ఫోటోగా పంపిన చిత్రంతో ఇటువంటి వివరాలు వెళ్ళవు.

చిత్రం నుండి వివరం విడిపోకూడదనే జాగ్రత్త క్రొత్తది కాదు. 1880ల దశకంలో నిజాం కొలువులో ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ చిత్రాలలో అనేకం మీద సంఖ్య, స్థలం పేరు కనిపిస్తాయి. వాటిని గాజుపలక మీదనే వ్రాసేవారు. ఆయన గాజుపలకలు 1989లో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరినవి. నూరేండ్లు గడచినా ఆ చిత్రాలు ఎక్కడివో తెలియడానికి ఆ వ్రాత ఎంతో ఉపకరిస్తున్నది.

కంటికి సంబంధించిన రెండు జాగ్రత్తలు

ఎరుపును, ఆకుపచ్చను వేరుచేసి చూడలేనివారు ప్రతి సమాజంలోను కొందరుంటారు. ఇది వంశానుగతంగా వచ్చే లక్షణం; స్త్రీలలో కంటె పురుషులలో ఎక్కువ. ఇషిహారా అనే జపాను వైద్యుడు 1917లో ప్రచురించిన చుక్కల పటాలతో దీనిని నేటికీ పరీక్షిస్తున్నారు. మా జట్టులోనే ఒక విద్యార్థికి ఈ ఇబ్బంది ఉన్నట్లు పని చేస్తుండగా బయటపడినది. మా పద్ధతిలో ఎరుపు "ఆపు" అని, ఆకుపచ్చ "పంపు" అని చెబుతాయి. ఈ రెండూ ఒకటిగా కనిపిస్తే ఎంత అనర్థమో ఊహించవచ్చును. కావున రంగు మాత్రమే చూచి ప్రెస్సుకు పంపరాదు. గుర్తు యొక్క పేరును కూడ చదవవలెను.

రెండవ జాగ్రత్త రంగులు దిద్దేవారికి. 1839లో షెవ్రూల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు, ప్రక్కనున్న రంగును బట్టి ఒక రంగు వేరుగా కనిపిస్తుందని సవిస్తరంగా నిరూపించినాడు. ఆయన అద్దకపు శాలకు అధిపతి. చీరాల నేతగాండ్రకు ఇది అనుభవంలో ఉన్న సంగతే. అంచు రంగు మారితే చీర రంగే మారినట్లు కనిపిస్తుంది. లైట్‌రూమ్‌లో గుర్తు రంగు చిత్రం చుట్టూ పరచుకొనే ఏర్పాటు ఉన్నది. ఏరేటప్పుడు అది ఉపయోగమే. కాని మనిషి మేనిఛాయ సరిచేసే సమయంలో చుట్టూ రంగు ఉంటే కన్ను మోసపోతుంది. అప్పుడు చిత్రం చుట్టూ బూడిద రంగు తప్ప మరొకటి ఉండరాదు.

చివరి మనవి

రంగుగుర్తు చిత్రాన్ని కాపాడదు. దానిని కాపాడేది ప్రతి మాత్రమే. పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఛాయాచిత్రకారుడు ప్రచారంలోనికి తెచ్చిన నియమం ఒకటి ఉన్నది. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలలో, అందులో ఒకటి వేరొక చోట. ఈ మేరకు కళాశాల సంఘం వారికి రెండు విన్నపాలు. రెండు డిస్కులు కొనిపించి, ఒకదానిని తెనాలిలోను, మరొకదానిని బాపట్లలోను ఉంచే ఏర్పాటు చేయవలెను. బీరువాలో ఉన్న పాత ఫోటోలను స్కాను చేయించి, వాటిలోని వ్యక్తులను గుర్తించగల పెద్దలు మన మధ్య ఉండగానే పేర్లు వ్రాయించవలెను. ఆ పని జరిగేవరకు అవన్నీ నీలం గుర్తుతో ఉంటాయి.

విద్యార్థులారా! ఆ నిజాంపట్నపు చిత్రాన్ని మనం తిరిగి తేలేము. ఇకమీదట ఎవరికైనా ఫోటో ఇస్తామని మాట ఇస్తే ఆ సంగతిని, ఆ వ్యక్తి ఊరును అదే రోజు చిత్రం వివరాలలో వ్రాయండి. సంచిక అచ్చయినది కదా అని ఊదా రంగు పెట్టకండి. ఆ ప్రతి వారి చేతికి అందిన తరువాతనే పెట్టండి. అంతవరకు మన పని ముగిసినట్లు కాదు.